వెలిగారం దొరికిన లోయ

చరిత్ర గురించి ఓ అరగంట మాట్లాడమని ఈ కార్యక్రమం నడిపేవారు అడిగితే ముందు వద్దన్నాను. నేను చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది చిప్పుల టెస్టింగు. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ హైస్కూల్లోనే వదిలేశాను. అయితే 2024 ఫిబ్రవరిలో ఆర్‌వీ వేసుకుని డెత్‌వ్యాలీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఒక సంగతి నన్ను పట్టుకుని వదలడంలేదు. అదే చెప్తాను. మధ్యలో కాస్త పులిహోరా, నీళ్ళూ, మురుగూ కూడా వస్తాయి. ఆర్‌వీ ప్రయాణం అన్నాక అవి తప్పవు మరి.

మా నాన్నగారిది బందరు దగ్గర చిలకలపూడి. రోల్డుగోల్డు నగల పని. మనవాళ్ళు ఎవరినైనా నకిలీ మనిషి అనాలంటే "చిలకలపూడి బంగారం" అని వెక్కిరిస్తారు చూడండి, ఆ బంగారం చేసిన చేతులే మావాళ్ళవి. నాన్నగారు పన్నెండో ఏట కుంపటి ముందు కూర్చున్నారు, డెబ్భై దాటేదాకా లేవలేదు. అమ్మ పోయాక మాత్రం పనిముట్లన్నీ ఓ రేకుపెట్టెలో పెట్టి తాళం వేసేశారు. 2023 నవంబరులో నేనే వెళ్ళి ఆరు నెలలకని సాన్‌హోజే తీసుకొచ్చాను. గ్రీన్‌కార్డుకి అప్లై చేద్దాం, ఇక్కడే ఉండిపొమ్మని రెండుసార్లు అడిగాను. ఔననలేదు, కాదనలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పార్కింగ్‌లాటు చూస్తూ కూర్చునేవారు. అది చూడలేక మా ఆవిడే అంది, "ప్రెసిడెంట్స్‌ డే సెలవుకి ఎక్కడికైనా తిప్పి తీసుకొద్దాం, హోటళ్ళయితే మావయ్యగారికి తిండి పడదు, ఆర్‌వీ తీసుకుందాం" అని.

ఆర్‌వీ అంటే చక్రాల మీద కొంప. ఇరవై ఎనిమిది అడుగుల బండిలో మంచాలు, గ్యాసుపొయ్యి, ఫ్రిజ్జి, బాత్‌రూము అన్నీ ఉంటాయి. దాని కడుపులో మూడు తొట్లుంటాయి. ఒకటి మంచినీళ్ళకి, ఒకటి గిన్నెలు కడిగిన నీళ్ళకి, మూడోది ఎందుకో చెప్పక్కర్లేదు. మనం ఇంట్లో కుళాయి తిప్పినప్పుడు ఎంత నీరు పోతోందో ఎన్నడూ చూసుకోం. ఆర్‌వీలో గోడమీద చిన్న దీపాలు చెప్తుంటాయి. అబద్ధాలు కూడా చెప్తాయి, ఆ సంగతికి వస్తాను.

బేకర్స్‌ఫీల్డ్ దాటి, టెహాచపి కనుమ ఎక్కి దిగితే మొహావీ అనే ఊరొస్తుంది. రైలు పట్టాలు, గాలిమరలు, ఆగి ఉన్న పాత విమానాలు. అక్కడ పెట్రోలు పోయించుకుని ముందుకెళ్ళిపోయాం. ఈ కథలో ఆ ఊరికి పెద్ద వేషమే ఉందని అప్పటికి నాకు తెలియదు. అక్కణ్ణుంచి 395 మీద ఓలాంచా, తర్వాత 190. టౌన్‌పాస్ అనే కనుమ దాదాపు ఐదువేల అడుగులు. ఆ పైనుంచి సముద్రమట్టానికి దిగిపోవాలి. రెండో గేరులో పెట్టి, బ్రేకు తొక్కీ తొక్కకుండా దింపుతుంటే వెనక వంటగదిలో గిన్నెలన్నీ భజన. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని, "ఎద్దులబండి అయితే చక్రానికి దుంగ కట్టి దింపేవాళ్ళురా" అన్నారు. సరిగ్గా ఆ లోయలోకే 1849లో ఎద్దులబండ్లు వచ్చాయి.

ఆ కథ కాస్త వివరంగా చెప్పాలి. కాలిఫోర్నియాలో బంగారం పడిందని తూర్పున ఉన్నవాళ్ళంతా బయల్దేరిన రోజులవి. సాల్ట్‌లేక్ దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ముందున్న సియెర్రా కొండల్లో మంచు పడితే చచ్చిపోతాం అని భయం. మూడేళ్ళ కిందటే డానర్ బృందం అలాగే చిక్కుకుని నాశనమయింది. అందుకని దక్షిణంగా పాత స్పానిష్ బాట మీద చుట్టుదారిలో వెళ్దామని, జెఫర్సన్ హంట్ అనే ఆయన్ని దారి చూపించడానికి కుదుర్చుకుని అక్టోబరులో బయల్దేరారు. నడక నత్తనడక. ఇంతలో ఎవరో ఒక చేతిపటం చూపించి, అడ్డదారి ఉంది, చాలా రోజులు కలిసొస్తాయి అన్నారు. అడ్డదారి అనేసరికి ఎవరికైనా ఆశే కదా. చాలామంది అటు తిరిగారు, లోతైన లోయలు అడ్డం రాగానే అందులో ఎక్కువమంది తిరిగి హంట్ దగ్గరికే పోయారు. మిగిలినవాళ్ళు పడమటికే నడిచి నడిచి, డిసెంబరు చివర, క్రిస్మస్ రోజుల్లో, ఈ లోయలోకి దిగారు. ఎదురుగా పదకొండువేల అడుగుల టెలిస్కోప్ శిఖరం ఉన్న పానమింట్ కొండలు. బండి ఎక్కే దారి లేదు.

జేహాకర్లు అనే కుర్రాళ్ళ జట్టు ఇప్పటి స్టవ్‌పైప్‌వెల్స్ దగ్గర బండ్లు విరగ్గొట్టి, ఆ కర్రతోనే మంట వేసి, ఎద్దుల మాంసం ఎండబెట్టుకుని కాలినడకన పోయారు. జూలియట్ బ్రయర్ అనే ఆవిడ ముగ్గురు మగపిల్లల్ని ఎత్తుకుంటూ, నడిపించుకుంటూ ఆ ఎడారి దాటింది. ముగ్గురూ బతికారు. బెన్నెట్, ఆర్కన్ అనే రెండు కుటుంబాలు మాత్రం చిన్నపిల్లలతో లోయలో దక్షిణంగా ఓ నీటి ఊట దగ్గర ఆగిపోయాయి. వాళ్ళతో ఉన్న విలియం లూయిస్ మాన్లీ, జాన్ రోజర్స్ అనే ఇద్దరు యువకులు, మేం పోయి తిండి తెస్తాం, మీరిక్కడే ఉండండి అని బయల్దేరారు. ఇప్పటి లాస్ ఏంజెలస్‌కి ఉత్తరాన ఒక పశువుల రాంచీ దాకా, దగ్గర దగ్గర 250 మైళ్ళు నడిచారు. అక్కడ గుర్రాల్నీ, ఒంటికన్ను కంచరగాడిదనీ, తిండిగింజల్నీ సంపాదించి వెనక్కి బయల్దేరారు. గుర్రాలు దారిలోనే పోయాయి. కంచరగాడిద మాత్రం గుర్రాలు ఎక్కలేని రాతిగోడ ఎక్కేసింది. లోయకి తిరిగి వచ్చేసరికి 26 రోజులయింది. దారిలో తమతో ఉన్న కల్వర్‌వెల్ అనే పెద్దాయన శవం కనబడింది. బండ్ల దగ్గర మనిషి అలికిడి లేదు. తుపాకీ పేలిస్తే బండి కింద పడుకున్న ఒక మనిషి లేచి నిలబడ్డాడు. కుటుంబాలు బతికే ఉన్నాయి. పిల్లల్ని ఎద్దుల మీద కూర్చోబెట్టి అందరినీ బయటికి తెచ్చారు. కొండెక్కి వెనక్కి చూసిన ఒకరు ఆ లోయకి మృత్యులోయ అని పేరుపెట్టి సెలవు తీసుకున్నారని చెప్తారు. లెక్కకి చూస్తే లోయలో పోయినట్టు తెలిసింది ఆ ఒక్క పెద్దాయనే. పేరు మాత్రం నిలిచిపోయింది.

మాన్లీ వెనక్కి రావలసిన పనిలేదు. ఆయన పెళ్ళాంబిడ్డలు కారు వాళ్ళు. ఆయన తరవాత ఎప్పుడో, 1894లో, ఈ ప్రయాణమంతా ఒక పుస్తకంగా వేశాడు. మనకి తెలిసిన కథలో చాలాభాగం అందులోంచి వచ్చిందే. ఈ లోయలో మంచుయుగంలో ఉండి ఎండిపోయిన వందల అడుగుల లోతు సరస్సుకి కూడా ఆయన పేరే పెట్టారు.

విచిత్రం ఏమిటంటే మేం వెళ్ళేసరికి ఆ సరస్సు తిరిగొచ్చింది! ఏడాదికి రెండంగుళాలు వాన పడితే గొప్ప అనుకునే చోట 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను పుణ్యమా అని ఒక్కరోజులో 2.2 అంగుళాలు పడింది. రోడ్లు కొట్టుకుపోయి రెండు నెలలు పార్కు మూసేశారు. ఫిబ్రవరిలో మళ్ళీ వానలు. సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పుమైదానం మీద మైళ్ళ తరబడి నీళ్ళు. లోతు చూస్తే అడుగు. జనం చిన్న పడవలేసుకుని తిరుగుతున్నారు. టెలిస్కోప్ శిఖరం మంచుతో సహా నీళ్ళలో తలకిందులుగా కనబడుతోంది. మావాడు నీళ్ళు నాలికకి రాసుకుని ఉమ్మేశాడు. నాన్నగారు ప్యాంటు మడుచుకుని దిగి, చాలాసేపు నిలబడి, "మన మంగినపూడి కంటే ఇక్కడ ఉప్పెక్కువ" అని తీర్పిచ్చారు.

అలా నీళ్ళలో ఆడుకుని వచ్చిన రాత్రే మాకు నీళ్ళయిపోయాయి. మేం దిగింది ఫర్నెస్‌క్రీక్ దగ్గర సన్‌సెట్ క్యాంపుగ్రౌండులో. అక్కడ బండికి నేరుగా నీటిగొట్టం, కరెంటు ఉండవు. బండి అద్దెకిచ్చినవాళ్ళు తొట్టి నిండుగా ఉందన్నారు, గోడమీద దీపం కూడా మూడింట రెండొంతులు ఉందంది. పిల్లలు ఉప్పు వదిలించుకోడానికి స్నానాలు చేశారు, మా ఆవిడ బియ్యం కడిగింది, నేను పాలగిన్నె తోమాను. పంపు ఓసారి దగ్గి ఊరుకుంది. రాత్రి పదింటికి చీకట్లో టార్చి పట్టుకుని, చారు కాచిన గిన్నె, రెండు సీసాలు, పిల్లల ఇసుకబకెట్టు వేసుకుని క్యాంపుగ్రౌండు కుళాయి దగ్గరికి నేనూ మావాడూ నాలుగు తిరుగుళ్ళు తిరిగాం. నాన్నగారు మాత్రం పొద్దున్నే ఒక్క లీటరు సీసాతో మొహం, కాళ్ళు కడుక్కుని, విభూతి పెట్టుకుని, ఇంకా కాస్త నీళ్ళు మిగిల్చి వెనక్కి ఇచ్చారు.

క్యాంపుగ్రౌండుకి దగ్గర్లో ముళ్ళచెట్లు గుబురుగా ఉన్నాయి. నాన్నగారు దగ్గరికెళ్ళి, ఎండి రాలిన కాయ కాలితో కదిపి, "ఇది సర్కారుతుమ్మ కదరా!" అన్నారు. తర్వాత చూస్తే ఆయన మాట దాదాపు నిజమే. ఇక్కడ మెస్కీట్ అంటారు. మన తీరమంతా కమ్మేసిన సర్కారుతుమ్మకి ఇది దగ్గర చుట్టం, ఆ జాతి మనకి అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. మనం తిట్టుకుని పొయ్యిలో పెట్టే చెట్టు ఇక్కడివాళ్ళకి అన్నం పెట్టింది. టింబిషా షోషోనీలు అనే ఆదివాసులు ఈ కాయలు దంచి పిండి చేసుకుని తినేవారు. చలికాలం లోయలో ఊటల దగ్గర, ఎండాకాలం పానమింట్ కొండల మీద పైన్ గింజలు ఏరుకుంటూ ఉండేవారు. ఎన్నో తరాలు అలా బతికారు. టింబిషా అంటే అక్కడి కొండల్లో దొరికే, మొహానికి రాసుకునే ఎర్రమట్టి. ఎర్రమట్టి పేరున్న ఊరికి, దారి తప్పి తిరిగినవాళ్ళు మృత్యులోయ అని పేరుపెట్టి పోయారు. ఆ పేరంటే టింబిషావారికి ఇప్పటికీ కష్టమే. మా ఊరు చచ్చిన ఊరు కాదు అంటారు వాళ్ళు.

1933 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్ హూవర్ ఈ లోయని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. దాంతో సొంత ఊళ్ళో వాళ్ళే పరాయివాళ్ళయ్యారు. 1936లో ఫర్నెస్‌క్రీక్ దగ్గర నలభై ఎకరాలు చూపించి, పచ్చిమట్టి ఇటుకలతో చిన్న ఇళ్ళు కట్టించి అక్కడ ఉండమన్నారు. 1957 తర్వాత ఇంకో పద్ధతి వచ్చింది. ఖాళీగా ఉన్న ఇల్లు తీసెయ్యొచ్చు అని. వేసవిలో 120 డిగ్రీల ఎండ, వాళ్ళు అలవాటు ప్రకారం కొండ మీదికి వెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి ఇల్లు ఉండేది కాదు. నీళ్ళ గొట్టాలు పెట్టి మట్టిగోడలు కరిగించేసేవారు.

ఇది నేను ఆర్‌వీలో సాయంత్రం పులిహోర తింటూ, పుస్తకంలోంచి పిల్లలకి చదివి చెప్తున్నాను. నాన్నగారు ప్లేటు పక్కన పెట్టారు.

"మనుషులుండగానా, లేనప్పుడా?"

"లేనప్పుడే నాన్నా. కొండమీదికి వెళ్ళినప్పుడు."

ఇక్కడ శ్రోతలకి ఒక సంగతి చెప్పాలి. మా చిన్న మేనత్తని అవనిగడ్డ అవతల ఒక పల్లెలో ఇచ్చారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఎన్నో వేలమంది పోయారని మీకు తెలుసు. నీళ్ళు తీశాక నాన్నగారు చెల్లెల్ని వెతుక్కుంటూ నడిచి వెళ్ళారు. ఊరుంది అన్నచోట మట్టిగోడల మొదళ్ళు జానెడు జానెడు మిగిలి ఉన్నాయట. ఏ మొదలు ఎవరి ఇల్లో చెప్పేవాళ్ళు లేరు. మా ఇంట్లో ఈ మాట అమ్మ చెప్పగా విన్నానే గాని, ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి కూడా ఎక్కువ చెప్పలేదు.

"సముద్రానికి బుద్ధి లేదనుకో. వీళ్ళకేమొచ్చింది?" అన్నారు. అంతే. లేచి బయట కుర్చీలో కూర్చున్నారు. చలిగా ఉందని శాలువా ఇస్తే తీసుకున్నారు.

టింబిషావారు మాత్రం ఊరు వదల్లేదు. వేసవిలో కొండకి పోవడం మానేసి, ఆ ఎండలోనే కాచుకుని కూర్చున్నవాళ్ళున్నారు. 1983లో ప్రభుత్వం వాళ్ళని ఒక తెగగా గుర్తించింది. 1994 అక్టోబరు 31న లోయ నేషనల్ పార్కు అయింది. 2000 నవంబరులో వాళ్ళ సొంతగడ్డ చట్టం మీద ప్రెసిడెంట్ క్లింటన్ సంతకం పెట్టాడు. పార్కు లోపలా బయటా కలిపి 7,700 ఎకరాల పైచిలుకు, అందులో ఫర్నెస్‌క్రీక్ దగ్గర మూడువందల పైన ఎకరాలు తిరిగి వాళ్ళవయ్యాయి. పాలీన్ ఎస్టీవ్స్ అనే పెద్దావిడ ముందుండి నడిపిన పోరాటమది. మేం పార్కింగు వెతుక్కుంటూ పోతుంటే ఆ ఊరు రోడ్డుపక్క కనబడింది. ఫోటోలు తీయడానికి మనసొప్పలేదు.

మర్నాడు హార్మనీ బోరాక్స్ వర్క్స్ చూడ్డానికి వెళ్ళాం. నిజం చెప్పాలంటే పిల్లలకి కాస్త నడక అవుతుందని వెళ్ళాం, అంతకన్నా ఉద్దేశం లేదు. చిన్న గుట్ట, చుట్టూ కాలిబాట, తుప్పుపట్టిన బాయిలరు, కరిగిపోతున్న మట్టిగోడలు, రెండు భారీ బండ్లు, వాటి వెనక నీళ్ళ ట్యాంకు. నేను పలక మీద ఉన్నది చదివి, "బోరాక్స్ అంట నాన్నా. బట్టలుతికే పొడి" అన్నాను.

"బోరాక్స్ అంటే ఏమిటి?"

నాకు తెలుగు మాట తెలియదు. ఫోనులో వెతికాను. "వెలిగారం" అని వచ్చింది.

ఆయన మొహం చూడాలి మీరు. నాలుగు నెలల్లో అలా ఎప్పుడూ లేదు. "వెలిగారమా! ఇది వెలిగారం బట్టీయా!" అని, కర్ర నా చేతికిచ్చి, చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

కంసాలి పనిలో వెలిగారం లేనిదే అతుకు లేదు. రాతిమీద నీళ్ళతో అరగదీసి, అతుకు దగ్గర కుంచెతో రాసి, టంకం పలుకు పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊదుతారు. వెలిగారం మొదట మరమరంలా పొంగుతుంది, తర్వాత గాజులా కరిగి అతుకు మీద పరుచుకుంటుంది. దాని కింద లోహానికి చిలుము పట్టదు, టంకం నీళ్ళలా పారుతుంది. సంస్కృతంలో దీన్ని టంకణం అంటారు. ముడి వెలిగారానికి ఇంగ్లీషులో ఉన్న టింకాల్ అనే మాట మన టంకణంలోంచి పోయిందే అని నిఘంటువులు చెప్తాయి. పోవడంలో వింత లేదు. టిబెట్ సరస్సుల ఒడ్డున తవ్వి, మేకల మీదా గొర్రెల మీదా మూటలు కట్టి హిమాలయాలు దాటించి, మన దేశం మీదుగానే యూరపుకి పంపేవారు. వెనిస్ కంసాలికి కూడా చాలాకాలం ఆ వెలిగారమే గతి.

ఈ లోయలో అది బయటపడింది 1881లో. ఏరన్ విన్టర్స్, రోజీ అని భార్యాభర్తలు, పేదవాళ్ళు, దగ్గర్లో యాష్‌మెడోస్ అనే చోట ఉండేవారు. నెవాడాలో తెల్లమట్టి అమ్ముకుని జనం బాగుపడుతున్నారని ఒక బాటసారి వాళ్ళింట్లో రాత్రి బసచేసి చెప్పాడు. దాన్ని ఎలా గుర్తుపడతారు అంటే, గంధకామ్లం, సారాయి పోసి వెలిగిస్తే మంట పచ్చగా వస్తుంది అన్నాడు. ఇద్దరూ లోయలోకి వెళ్ళి, తెల్లమట్టి తెచ్చి, చీకటి పడేదాకా ఆగి వెలిగించారు. ఆకుపచ్చగా మండింది. ఆ హక్కుల్ని శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి విలియం టెల్ కోల్‌మన్ 20,000 డాలర్లిచ్చి కొనుక్కున్నాడు. 1883లో హార్మనీ బట్టీ మొదలయింది.

ఉప్పుమైదానం మీద పత్తికాయల్లా తేలే తెల్లటి ఉండల్ని గీకి తెచ్చి, పెద్ద తొట్లలో నీళ్ళూ సోడా కలిపి మరిగించి, మడ్డి కిందికి దిగాక తేట నీళ్ళని చల్లారనిస్తే, లోపల వేలాడే ఇనపకడ్డీలకి వెలిగారం పలుకులు పట్టేవి. మన కలకండ పట్టినట్టే. అయితే ఎండాకాలం ఇక్కడ నీళ్ళు చల్లారితేనా! గాలే అంత వేడి. ఫర్నెస్‌క్రీక్‌లో 1913 జులై 10న 134 డిగ్రీలు నమోదయింది, ఇప్పటికీ ప్రపంచంలో అదే అధికారిక రికార్డు, కొందరు వాతావరణ శాస్త్రవేత్తలు ఆ లెక్కని నమ్మరనుకోండి. అందుకని వేసవికి పని ఆపి, కాస్త చల్లగా ఉండే అమర్గోసా వైపు ఇంకో బట్టీలో వండేవారు.

వండిన సరుకు రైలుకి చేరాలి కదా. ఆ రైలుస్టేషనే, మేం పెట్రోలు పోయించుకున్న మొహావీ. 165 మైళ్ళు, పదిరోజుల నడక. వెనక చక్రాలు ఏడడుగుల ఎత్తున్న రెండు బండ్లు, వాటి వెనక 1,200 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు, అన్నీ కలిపి 36 టన్నుల బరువు. ముందు జతలు జతలుగా ఇరవై కంచరగాడిదలు. నిజానికి పద్ధెనిమిది గాడిదలు, బండికి దగ్గరగా రెండు గుర్రాలు. తోలేవాడి చేతిలో నూట ఇరవై అడుగుల పగ్గం ఒక్కటే. కొండమలుపులో బండి లోయలోకి జారకుండా, కొన్ని గాడిదలు మధ్య గొలుసు మీంచి అటు దూకి పక్కకి లాగాలి. అది వాటికి నేర్పేవారు. ఇలా 1883 నుంచి 1889 దాకా రెండుకోట్ల పౌన్ల పైన వెలిగారం బయటికి పోయింది. 1888లో కోల్‌మన్ దివాలా తీశాడు. ఫ్రాన్సిస్ మారియన్ స్మిత్ అనే ఆయన అంతా కొనేసి పసిఫిక్ కోస్ట్ బోరాక్స్ కంపెనీ పెట్టాడు. ఈ లోయలో బట్టీ మూతపడినా, ఆ ఇరవై గాడిదల బొమ్మ మాత్రం డబ్బామీద కెక్కి ఇంటింటికీ పోయింది.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. 1930లో ఆ కంపెనీ డబ్బుతోనే 'డెత్‌వ్యాలీ డేస్' అని రేడియో నాటకాలు మొదలయ్యాయి. న్యూయార్కులో ప్రకటనలు రాసే రూత్ వుడ్‌మన్ అనే ఆవిడ ఈ ఎడారికి వచ్చి, ముసలివాళ్ళ చేత కథలు చెప్పించుకుని రాసేది. 1952 నుంచి టీవీలో కూడా వచ్చాయి. 1960ల నడిమిలో రొనాల్డ్ రీగన్ ఆ కార్యక్రమం నడిపించాడు. సబ్బుపొడి అమ్ముకోడానికి చెప్పిన కథలే ఈ లోయని యాత్రాస్థలం చేశాయి. ఫర్నెస్‌క్రీక్‌లో 1927లో పెద్ద హోటలు కట్టిందీ ఆ కంపెనీయే.

నాన్నగారికి ఇవేవీ పట్టలేదు. బండిచక్రం పక్కన నిలబడి అడిగారు, "గీకినవాళ్ళెవరు?"

చీనావాళ్ళు. ఉప్పుమైదానం మీద వంగి తెల్లమట్టి గీకింది వాళ్ళే. రోజుకి డాలరున్నర లోపు కూలి, తిండీ బసా అందులోంచే. అప్పటికే, 1882లో, చీనా కూలీలు ఈ దేశంలోకి రాకూడదని చట్టం చేశారు. 1943 దాకా ఆ చట్టం పోలేదు. మన సంగతీ అంతకన్నా మెరుగేం కాదు లెండి, 1923లో సుప్రీంకోర్టు హిందూదేశస్థులకి పౌరసత్వం కుదరదంది, 1946 దాకా అదే తీరు.

"వాళ్ళ పేర్లేవీ?" అన్నారు.

బాట చుట్టూ ఉన్న పలకలన్నీ మళ్ళీ చదివాను. కోల్‌మన్ పేరుంది. చీనావాళ్ళ పేరొకటీ నాకు కనబడలేదు. కంచరగాడిదలకి బొమ్మైనా ఉంది.

"మన నగమీద కంసాలి పేరుంటుందేవిట్రా," అని ఆయనే అని, నా చేతిలోంచి కర్ర తీసుకున్నారు. కిందపడి ఉన్న తెల్లటి పెళ్ళ ఒకటి వంగి తీశారు. పార్కులోంచి రాయైనా తీసుకుపోకూడదని మా అమ్మాయి గట్టిగా చెప్పింది. వేళ్ళమధ్య నలిపి, నాలికకి తగిలించుకోబోయి, మనవరాలి మొహం చూసి, తీసినచోటే పెట్టేశారు.

తిరుగు ప్రయాణం సంగతి చెప్పడానికేం లేదు, డంప్‌స్టేషన్‌లో మూడో తొట్టి గొట్టం నేను సరిగా బిగించలేదు అన్న ఒక్కటీ తప్ప. దాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు, నన్ను వదిలేయండి.

ఇంటికొచ్చిన వారానికి సరుకులకని దుకాణానికి తీసుకెళ్తే, నాన్నగారు సబ్బుపొడుల వరసలో ఆగిపోయారు. ఇరవై గాడిదల బొమ్మ ఉన్న డబ్బా. ఇప్పుడది తయారయ్యేది లోయలో కాదు, మొహావీకి తూర్పున బోరన్ అనే ఊరి గనిలోంచి. ఆయన డబ్బా రెండుచేతులా పట్టుకుని, "ఇంత వెలిగారమా, ఇంత చవకా!" అన్నారు. మా ఊళ్ళో పొట్లంలో ఇచ్చేది కదా.

మా అమ్మాయి వెండిపట్టీ ఒకటి తెగి ఏడాదిగా సొరుగులో పడి ఉంది. ఆ ఆదివారం వరండాలో పాత పెనం బోర్లించి, ఇటుక పెట్టి, వంటింట్లో స్వీట్లమీద పంచదార మాడ్చే చిన్న గ్యాసుమంట తీసుకుని కూర్చున్నారు. వెండితుంటకి కాస్త ఇత్తడిరజను కలిపి కరిగించి టంకం ఆయనే చేసుకున్నారు. డబ్బాలోంచి చిటికెడు తీసి, నీళ్ళతో అరగదీసి, కుంచె లేదు కాబట్టి మావాడి బొమ్మలబ్రష్షుతో రాశారు. చెయ్యి మొదట కాస్త వణికింది. మంట పెట్టగానే ఆగింది. వెలిగారం మరమరంలా పొంగి, గాజయి, మెరిసి, టంకం సర్రున పారింది. మంట అంచు ఒక్క క్షణం పచ్చగా అయింది. పిల్లలిద్దరూ "రోజీ! రోజీ!" అని అరిచారు.

మే నెలలో వెళ్ళిపోయారు. నేను మూడోసారి అడగలేదు. పెట్టె తూకం వేస్తే రెండుకిలోలు ఎక్కువొచ్చింది. నేను కొన్న స్వెటర్లు రెండు తీసి బయట పెట్టారు. గాడిదల డబ్బా మాత్రం తియ్యనివ్వలేదు.